అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ ఫోటోలు ఆరుబయట బాగా తీయడం ఎలా

కొత్తగా కెమెరా కొన్నవాళ్ళకి ఇంట్లో మొదట వచ్చే పని దాదాపు ఇదే: "పిల్లలిద్దర్నీ కలిపి ఒక మంచి ఫోటో తీసిపెట్టు, ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుంటాం." వినడానికి తేలికే కానీ ఒక్కరి ఫోటో తీయడం కంటే ఇది చాలా కష్టం. పెద్దవాడు బాగా నవ్విన క్షణంలో చిన్నది కళ్ళు మూస్తుంది, చిన్నది కుదురుకునేసరికి పెద్దవాడికి విసుగొస్తుంది, ఎలాగో ఇద్దర్నీ బుద్ధిగా నిలబెట్టి తీస్తే ఆ ఫోటోలో ఇద్దరు పిల్లలుంటారు గానీ వాళ్ళు అన్నాచెల్లెళ్ళని ఎక్కడా కనిపించదు.

తోబుట్టువుల ఫోటో అంటే వాళ్ళ మధ్య జరిగేదాన్ని పట్టుకోవడం. చెల్లి జుట్టు లాగడం, తమ్ముడి కాలర్ సర్దడం, ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుని పకపకా నవ్వడం, ఇవన్నీ అర సెకనులో అయిపోతాయి. ఆ సమయంలో మీ కళ్ళు పిల్లల మీద ఉండాలి. కెమెరా వెనక స్క్రీన్‌లో ఏదో మార్చుకుంటూ ఉంటే అది పోయినట్టే. అందుకని వెలుగు, చోటు, కెమెరా సెట్టింగులు, ఈ మూడూ పిల్లల్ని పిలవకముందే పూర్తిగా తేల్చేసుకోండి. చిన్నపిల్లలు మనస్ఫూర్తిగా మనకిచ్చేది ఒక పదిహేను, ఇరవై నిమిషాలు, ఆ తర్వాత ఎంత బతిమాలినా రాదు.

మొదట వెలుగు

మన ప్రాంతంలో ఎండ సంగతి ముందు అర్థం చేసుకోవాలి. మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం పూట సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువుగా పాతిన కర్రకి నీడ కూడా పక్కకి పడదు. అలాంటి ఎండలో ముఖం మీద ఏం జరుగుతుందో చూడండి: నుదురు, ముక్కు దూలం తెల్లగా మెరుస్తాయి, కళ్ళు రెండూ నల్లటి గుంటల్లోకి పోతాయి, పిల్లలు కళ్ళు చికిలించుకుంటారు. ఏ కెమెరా అయినా దాన్ని సరిచేయలేదు. కాబట్టి ఎండాకాలం ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా నేరుగా ఎండలో ఫోటో తీసే ఆలోచనే పెట్టుకోవద్దు.

సాయంత్రం పొద్దు గూకడానికి ముందు గంటసేపు వచ్చే వెలుగు మనకి కావాలి. ఆ టైము ఏడాది పొడవునా ఒకలా ఉండదు. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లో ఆరింటికల్లా సూర్యుడు దిగిపోతాడు, మే నెల మధ్యలో అయితే ఆరూ నలభై దాకా ఉంటాడు. విశాఖపట్నం తూర్పున ఉంది కాబట్టి అక్కడ హైదరాబాద్ కంటే సుమారు ఇరవై నిమిషాలు ముందే చీకటి పడుతుంది. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే సూర్యాస్తమయం టైము ఉంటుంది, దాన్నుంచి గంటంబావు వెనక్కి లెక్కేసుకుని పిల్లల్ని తయారుచేయమని తల్లిదండ్రులకి చెప్పండి. ఈ తయారవడం దగ్గరే ఎప్పుడూ ఆలస్యమవుతుంది. నాలుగున్నరకి రమ్మంటే జడలు వేసి, పూలు పెట్టి, బయటికొచ్చేసరికి ఐదుంపావు అవుతుంది, ఆ ముప్పావుగంటా ముందే కలిపేసి చెప్పండి.

పొద్దున వెలుగు ఇంకా బాగుంటుంది, పైగా చిన్నపిల్లలు పొద్దున్నే హుషారుగా ఉంటారు, సాయంత్రానికి నిద్రమొహాలు వేసేస్తారు. రెండు మూడేళ్ళ పిల్లలు ఉంటే నేను పొద్దున ఏడు నుంచి ఎనిమిది మధ్యే తీయమంటాను, టిఫిన్ పెట్టాక.

వేరే దారి లేక మధ్యాహ్నం పూటే తీయాల్సి వస్తే నీడ వెతకండి, అయితే ఏ నీడ పడితే ఆ నీడ పనికిరాదు. వేపచెట్టు కింద ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది, ఆ చుక్కలు ముఖాల మీద తెల్లటి మచ్చల్లా వస్తాయి. గుబురుగా ఉన్న మామిడి చెట్టు, మర్రిచెట్టు నీడ నయం. చెట్టు మొదలు దగ్గర కాకుండా నీడ అంచున, ఎండ మొదలయ్యే చోటికి ఒకటి రెండు అడుగులు లోపల, ముఖాలు బయటికి తిరిగేలా నిలబెట్టండి. బయటి వెలుగంతా ముఖాల మీదకి మెత్తగా వస్తుంది, కళ్ళలో ఒక చిన్న మెరుపు చుక్క కనిపిస్తుంది. ఆ మెరుపు ఉందా లేదా అన్నదే మీకు పరీక్ష. ఇంటి వరండా, గేటు దగ్గర పోర్టికో, పాత ఇళ్ళ అరుగు, ఇవన్నీ ఇదే పద్ధతిలో అద్భుతంగా పనిచేస్తాయి. మబ్బు పట్టిన శ్రావణ మాసపు రోజైతే ఇంక ఆలోచించక్కర్లేదు, ఆకాశమే పెద్ద లైటు, ఎక్కడ నిలబెట్టినా బాగుంటుంది.

పిల్లలు రాకముందు ఆ చోటికి వెళ్ళి పిడికిలి బిగించి చెయ్యి ముందుకి చాపి నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. పిడికిలి మీద వేళ్ళ నీడలు ఎటు తిరిగినప్పుడు గట్టిగా పడుతున్నాయో, ఎటు తిరిగినప్పుడు మెత్తబడుతున్నాయో కనిపిస్తుంది. మెత్తబడిన దిక్కుకే పిల్లల ముఖాలు ఉండాలి. ఒక నిమిషం పని, కానీ దీనికి మించిన పాఠం నాకు తెలియదు.

సాయంత్రం సూర్యుణ్ణి వాళ్ళ వీపు వెనక పెట్టుకుని తీస్తే జుట్టు అంచుల్లో బంగారు రంగు గీత వస్తుంది, చాలా అందంగా ఉంటుంది. అలా తీసినప్పుడు ముఖాలు చీకటిగా పడతాయి కాబట్టి ఎదురుగా ఒక తెల్లటి థర్మాకోల్ షీట్ పట్టుకోమని ఎవరికైనా ఇవ్వండి. స్టేషనరీ షాపులో దొరుకుతుంది. అది లేకపోతే తెల్ల పంచె రెండు మడతలు వేసి ఇద్దరు చెరోవైపు పట్టుకున్నా సరిపోతుంది. తెల్ల సున్నం గోడ ఎదురుగా ఉంటే అసలు ఏదీ అక్కర్లేదు.

చోటు

ఫోటోకి గొప్ప ప్రదేశం అవసరం లేదు. పిల్లలకి తెలిసిన చోటు కావాలి. తెలియని పార్కులో వాళ్ళు కొత్తగా బిగుసుకుపోతారు, తాతగారి ఇంటి వెనక దొడ్లో అయితే ఎవరూ చెప్పకుండానే ఆడుకోవడం మొదలుపెడతారు. గడ్డివాము, ట్రాక్టర్ ట్రక్కు వెనక, కల్వర్టు గట్టు, డాబా మీదికి వెళ్ళే మెట్లు, ఇవన్నీ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అక్కడ ఒకరు పైన, ఒకరు కింద కూర్చోవడం దానంతటదే జరుగుతుంది.

వెనక ఏముందో చూసుకోండి. తల మీంచి మొలిచినట్టు కరెంటు స్తంభం, ఆరేసిన బట్టలు, నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, పార్క్ చేసిన బండి, ఇవి కంటికి ఆనవు, ఫోటోలో మాత్రం ముందు అవే కనిపిస్తాయి. రెండడుగులు పక్కకి జరిగితే చాలావరకు పోతాయి. గోడకి ఆనించి నిలబెట్టకుండా వెనక నాలుగైదు మీటర్లయినా ఖాళీ ఉండేలా ముందుకి తీసుకురండి, వెనకదంతా మసకబారి పిల్లలు విడిగా కనిపిస్తారు.

విశాఖలో బీచ్‌కి తీసుకెళ్తుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, సముద్రంలోకి దిగడు. నీళ్ళ వెనకనుంచి బంగారు వెలుగు కావాలంటే తెల్లవారుజామునే వెళ్ళాలి. సాయంత్రం వెళ్తే సూర్యుడు ఊరి వైపు ఉంటాడు, సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ముఖాల మీద వెలుగు పడుతుంది, ఇది కూడా బాగుంటుంది కానీ మీరు ఊహించుకున్న ఫోటో వేరే అయ్యుంటుంది.

బంతితోటలు, పొద్దుతిరుగుడు చేలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. రైతుని అడిగి దిగండి, మందు ఎప్పుడు కొట్టారో కూడా అడగండి, ఆ రోజో ముందు రోజో కొట్టి ఉంటే పిల్లల్ని చేలోకి దించకండి. రైలు పట్టాల మీద మాత్రం వద్దు. అది 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 కింద నేరం, అంతకంటే ముఖ్యంగా ప్రాణాలు పోతాయి. బావి గట్టు, కాలవ గట్టు అంచు, చెరువు తూము దగ్గర కూడా అంతే, ఫోటో తీస్తున్నవాడి చూపు ఫ్రేమ్ లోపలే ఉంటుంది, చుట్టుపక్కల చూసుకునే పెద్దమనిషి ఒకరు పక్కన ఉండి తీరాలి.

బట్టల గురించి రెండు మాటలు

ఒకే తానులో కుట్టించిన బట్టలు వేయాలని చాలామందికి ఉంటుంది. నాకు అంతగా నచ్చదు, ఇద్దరూ కలిసిపోయి ఎవరి చెయ్యి ఎవరిదో తెలియకుండా పోతుంది. ఒకే వరసలో కలిసే రంగులు వేయండి: ఒకరికి ముదురు ఆకుపచ్చ పట్టులంగా ఉంటే ఇంకొకరికి మీగడ రంగు చొక్కా, మూడోవాళ్ళకి లేత పసుపు. మరీ మెరిసే గులాబీ, ఫ్లోరోసెంట్ పచ్చ వద్దు. దీనికి కారణం ఉంది. అక్క ఒళ్ళో తమ్ముడు కూర్చున్నప్పుడు అక్క లంగా ఎర్రగా ఉంటే, ఆ ఎరుపు తమ్ముడి గడ్డం కింద పడుతుంది, తర్వాత ఎంత ఎడిట్ చేసినా పోదు.

జరీ గుచ్చుకుంటే చిన్నపిల్లలు ఏడుస్తారు. లోపల మెత్తటి కాటన్ బనీను వేయమని చెప్పండి. బొమ్మలు, పెద్ద అక్షరాలు ఉన్న టీషర్టులు తీసేయించండి. నూనె రాసిన నుదురు మెరుస్తుంది, ఒక చేతిరుమాలు జేబులో పెట్టుకోండి. దిష్టిచుక్క ఉంటే ఉండనివ్వండి, ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఫోటోలో అమ్మ చెయ్యి కనిపించేది అక్కడే. సాయంత్రం చెట్ల దగ్గర తీస్తుంటే దోమల క్రీమ్ ముందే రాయించండి.

కెమెరా ఉంటే ఇలా పెట్టుకోండి

కిట్‌తో వచ్చే 18-55 ఎంఎం లెన్స్ (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి) అయితే 50 దగ్గరికి జూమ్ చేసి, మీరు వెనక్కి జరిగి తీయండి. 18 దగ్గర పెట్టి దగ్గరకెళ్ళి తీస్తే ముక్కులు పెద్దవవుతాయి, ఫ్రేమ్ అంచున ఉన్నవాళ్ళు పక్కకి సాగినట్టు వస్తారు. 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ ఉంటే ఇంకా మంచిది, వెనక చక్కగా మసకబారుతుంది. (ఎఫ్ పక్కన అంకె లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది, అంకె చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు.)

అయితే ఎఫ్1.8 లెన్స్ కొనగానే ప్రతి ఫోటో ఎఫ్1.8 లోనే తీయాలనిపిస్తుంది, ఇద్దరున్న ఫోటోలో అది ముంచేస్తుంది. ఏపీఎస్‌సీ సెన్సర్ (చాలా మామూలు కెమెరాల్లో ఉండే, ఫోటో పడే పలక సైజు) ఉన్న కెమెరాకి ఆ లెన్స్ పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్1.8 దగ్గర తీస్తే, స్పష్టంగా పడే లోతు సుమారు 11 సెంటీమీటర్లే, అంటే జానెడులో సగం. అన్న కళ్ళ మీద ఫోకస్ పెడితే అతని భుజం వెనకనుంచి తొంగిచూసే చెల్లి మసక అయిపోతుంది. ఎఫ్4 కి తెస్తే ఆ లోతు రెట్టింపు దాటుతుంది. ఇద్దరికి ఎఫ్2.8 నుంచి ఎఫ్4 దాకా, ముగ్గురూ నలుగురూ ఉంటే ఎఫ్5.6 అనుకోండి. దీనికి తోడు ముఖాలు రెండూ మీ నుంచి ఒకే దూరంలో ఉండేలా చూసుకుంటే దిగుల్లేదు.

షట్టర్ స్పీడ్ (ఒక్క ఫోటోకి షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకన్లలో) నిలబడి ఉన్న పిల్లలకైనా 1/250 కి తగ్గనివ్వద్దు, పరిగెత్తేవాళ్ళకి 1/500 నుంచి 1/1000. ఐఎస్‌ఓని (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె, పెరిగితే ఫోటో గరుకవుతుంది) ఆటోలో వదిలేసి గరిష్ఠంగా 1600 దాకా అనుమతించండి. కాస్త గరుకు కనిపించినా ఫర్వాలేదు, కదిలిపోయిన ఫోటోని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. కళ్ళని గుర్తుపట్టే ఆటోఫోకస్ ఉంటే ఆన్ చేయండి. అది లేని పాత కెమెరాల్లో ఒకే ఫోకస్ చుక్క ఎంచుకుని, మీకు దగ్గరగా ఉన్న బిడ్డ కంటి మీద పెట్టండి. కదిలే పిల్లల వెంటే ఫోకస్ తిరగడానికి నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ, క్యానన్‌లో సర్వో మోడ్ పెట్టి, వరసగా క్లిక్ అయ్యే బరస్ట్ ఆన్ చేసుకోండి. రా ఫైల్ (కెమెరా రంగులు మార్చకుండా దాచే ముడి ఫైల్) వచ్చేలా పెట్టుకుంటే తర్వాత రంగు సరిచేసుకోవడం తేలిక.

ఫోన్ మాత్రమే ఉంటే

నిరాశ పడాల్సిన పనేమీ లేదు, పగటి వెలుగులో ఇప్పటి ఫోన్లు బాగా తీస్తాయి. ముందు లెన్స్‌ని మెత్తటి నూలు గుడ్డతో తుడవండి, జేబులో తిరిగే ఫోన్ లెన్స్ మీద వేలిముద్రల జిడ్డు ఎప్పుడూ ఉంటుంది. 2ఎక్స్ నొక్కి రెండడుగులు వెనక్కి వెళ్ళండి. పెద్ద పిల్లవాడి ముఖం మీద వేలుపెట్టి నొక్కి ఉంచితే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని కొద్దిగా కిందికి లాగండి, తెల్లబడిపోయిన ఆకాశం, జరీ అంచు వెనక్కి వస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్‌తో జాగ్రత్త: ఇద్దరిలో ఒకరు కాస్త వెనకుంటే ఫోన్ వాళ్ళని బ్యాక్‌గ్రౌండ్ అనుకుని మసక చేసేస్తుంది, జడలో పూలు, ఎగిరే ముంగురులు కత్తిరించినట్టు అయిపోతాయి. అందుకే ప్రతిసారీ మామూలు మోడ్‌లో కూడా రెండు తీసి ఉంచుకోండి. బ్యూటీ మోడ్ పూర్తిగా ఆపేయండి.

కెమెరా అయినా ఫోన్ అయినా మీరు నిలబడి తీయొద్దు. గొంతుకూర్చోండి, అవసరమైతే నేల మీద పడుకోండి, లెన్స్ పిల్లల కళ్ళ ఎత్తులో ఉండాలి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ ఇంకా కిందికొస్తుంది, పాకే పిల్లలకి ఇది బాగా పనిచేస్తుంది.

ఎలా కూర్చోబెట్టాలి

ఎత్తుల వారీగా వరసగా, చేతులు కిందికి చాపి నిలబెట్టడం ఒక్కటి మానేస్తే సగం పని అయిపోయినట్టే. తలలు ఒకే గీత మీద ఉండకూడదు. ఇద్దరుంటే చిన్నవాళ్ళ నుదురు పెద్దవాళ్ళ గడ్డం దగ్గరికి వచ్చేలా చూడండి, ముగ్గురుంటే మూడు తలలు కలిపితే త్రిభుజం రావాలి. ఒకరు మెట్టు మీద, ఒకరు కింద మెట్టు మీద, మూడోవాళ్ళు వెనకనుంచి భుజాల మీద చేతులు వేసి వంగితే ఆ త్రిభుజం వచ్చేస్తుంది.

తర్వాత చూడాల్సింది స్పర్శ. మధ్యలో జానెడు ఖాళీ ఉంటే ఫోటోలో అది గజమంత కనిపిస్తుంది. భుజానికి భుజం తగలాలి, లేదా చెయ్యి పట్టుకోవాలి, లేదా ఒకరి ఒళ్ళో ఒకరు ఆనుకోవాలి. "దగ్గరికి జరగండి" అంటే జరగరు. పెద్దదాన్ని పిలిచి "తమ్ముడి పై గుండీ ఊడింది చూడమ్మా, కాస్త పెట్టు" అనండి. పక్కింటి తొమ్మిదేళ్ళ పాపకి నేను ఇదే చెప్పాను. ఆ పిల్ల వంగి, పెదవి పళ్ళ మధ్య బిగించి, ఎంతో శ్రద్ధగా గుండీ పెడుతుంటే వాడు పైకి చూస్తూ అక్క జడ కొస పట్టుకుని తిప్పుతున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ కెమెరా వైపు చూడలేదు. వాళ్ళమ్మ ఫ్రేమ్ కట్టించడానికి తీసుకున్నది అదే.

మణికట్టు, మోకాలు, చీలమండ దగ్గర ఫ్రేమ్ తెగకుండా చూసుకోండి. నడుము దగ్గరో, తొడ సగంలోనో తెగితే బాగుంటుంది.

ఇక ఆడించండి

"నవ్వండి", "చీజ్ అనండి" అంటే పళ్ళు కనిపిస్తాయి, నవ్వు కనిపించదు. పిల్లలకి చేసే పని ఇవ్వండి. దీనికి మన ఆటల్ని మించినవి లేవు. ఉప్పు మూట ఎక్కించండి: చిన్నవాడు పెద్దవాడి వీపు మీద, చేతులు మెడ చుట్టూ, రెండు ముఖాలూ పక్కపక్కనే, అదీ ఒకే దూరంలో, ఫోకస్‌కి కూడా ఇంతకంటే అనువైన భంగిమ దొరకదు. అక్కచెల్లెళ్ళయితే ఒప్పులకుప్ప తిప్పించండి, షట్టర్ 1/500 మీద పెట్టి తిరిగేటప్పుడు కాకుండా ఆగిన మరుక్షణం చూడండి, తల తిరిగి ఒకరి మీద ఒకరు వాలిపోతారు, లంగాలు ఇంకా గాలిలోనే ఉంటాయి. వీరీ వీరీ గుమ్మడిపండులో అక్క చేతులు తమ్ముడి కళ్ళ మీద ఉంటాయి, కింద వాడి నోరు నవ్వుతూ ఉంటుంది. చెమ్మచెక్క, చెవిలో రహస్యం, ఎవరు ముందు నవ్వుతారో అని కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకోవడం, ఒక్కొక్కటి రెండు నిమిషాలకి మించి వద్దు. విసుగు మొదలయ్యేలోపే మార్చేయండి.

ఇక్కడ పెద్దవాళ్ళని అదుపులో పెట్టడం మీ పనే, మర్యాదగా అయినా గట్టిగా చెప్పాలి. మేనత్త ఒకవైపు నుంచి "ఇటు చూడు బంగారం" అంటుంది, తాతయ్య ఇంకోవైపు చప్పట్లు కొడతారు, పిల్లల చూపులు నాలుగు దిక్కులకీ పోతాయి. మాట్లాడేది ఒక్కరే అని ముందే ఒప్పించండి. అమ్మనో నాన్ననో సరిగ్గా మీ తల వెనక, లెన్స్‌కి కాస్త పైన నిలబెట్టండి. వాళ్ళు పిలిస్తే అందరి చూపూ కెమెరాలోకే వస్తుంది. "నువ్వు పెద్దదానివి కదా, సరిగ్గా నిలబడు", "చెల్లిని చూసి నేర్చుకో" లాంటి మాటలు ఆ ఇరవై నిమిషాలైనా ఎవరూ అనకుండా చూడండి. అన్న మరుక్షణం ఆ బిడ్డ ముఖం మూసుకుపోతుంది, అది ఫోటోలో స్పష్టంగా తెలుస్తుంది.

పెద్ద బిడ్డకి ముందు రెండు నిమిషాలు విడిగా ఇవ్వండి. ఒక్కదాన్నే తీసి, తీసింది చూపించి, "ఇప్పుడు తమ్ముణ్ణి తీసుకురా, నువ్వే చెప్పు ఎక్కడ కూర్చోవాలో" అనండి. చిన్నవాడు పుట్టిన దగ్గర్నుంచి అన్ని కళ్ళూ వాడి మీదకే పోయిన ఇంట్లో ఈ రెండు నిమిషాలు ఎంత తేడా తెస్తాయో చూడాలి. మధ్య పిల్లని కూడా మర్చిపోకండి, ముగ్గురున్న ఇళ్ళలో విడి ఫోటోలు అందరికంటే తక్కువ ఉండేది ఆమెకే.

కొట్టుకుంటే కొట్టుకోనివ్వండి. దెబ్బలు తగలనంత వరకు ఆ అలకలూ, మూతి ముడుపులూ తీయండి. ఆ తర్వాత వచ్చే రాజీ ఇంకా బాగుంటుంది.

చంటిబిడ్డ ఉంటే, పెద్దవాళ్ళైతే

నెలల బిడ్డని నాలుగేళ్ళ అన్న చేతుల్లో పెట్టి నిలబెట్టడం ఎప్పుడూ వద్దు. చాప మీద బొంత పరిచి అన్నని కూర్చోబెట్టి, వాడి మోచేతి కింద దిండు పెట్టి, బిడ్డ తల ఆ మోచేతి మడతలోకి వచ్చేలా పడుకోబెట్టండి. అమ్మ చెయ్యి ఫ్రేమ్ బయట అందేంత దూరంలోనే ఉండాలి. ఇంకా తేలిక ఏమిటంటే బిడ్డని బొంత మీద వెల్లకిలా పడుకోబెట్టి, అన్నని పక్కన బోర్లా పడుకోమని, పైనుంచి తీయడం. పైనుంచి తీసేటప్పుడు కెమెరా పట్టీ మెడలో ఉండాలి, ఫోన్ అయితే రెండు చేతులతో పట్టుకోవాలి.

పెద్దవాళ్ళయిన తోబుట్టువుల ఫోటోలు మనం చాలా తక్కువ తీస్తాం, అది నాకు బాధ. రాఖీ పౌర్ణమికి, దీపావళి తర్వాత వచ్చే భగినీ హస్త భోజనానికి అన్నదమ్ములు అక్కల ఇళ్ళకి వస్తారు, భోజనం ఫోటో ఒకటి తీసి ఊరుకుంటాం. కార్తీకంలో వానలు తగ్గి ఆకాశం తేటగా ఉంటుంది, భోజనాలయ్యాక నాలుగున్నరకి అందర్నీ వాకిట్లోకి పిలవండి. అందరికంటే పెద్దామెని కుర్చీలో కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళని దగ్గరగా ఆనుకుని నిలబడమనండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇంకో కుర్చీ వేయండి. కెమెరా సిద్ధంగా పట్టుకుని చిన్నప్పటి సంగతి ఒకటి అడగండి: "నాన్నగారి సైకిల్ కాలవలో పడేసింది ఎవరు?" లాంటిది, ఆ ఇంట్లో నిజంగా జరిగినది, ముందే ఎవరినో కనుక్కుని. అరవై ఏళ్ళవాళ్ళు ఒక్కసారిగా ఒకరి మీద ఒకరు వేలు చూపించుకుంటారు.

తీశాక

అదే రాత్రి రెండు చోట్ల కాపీ చేసుకోండి. ఏరేటప్పుడు మొదట ఫోకస్ తప్పినవి తీసేయండి, తర్వాత మిగిలినవాటిలో ఇద్దరి మధ్య ఏదో జరుగుతున్నవి పక్కన పెట్టండి. అందరూ కెమెరావైపు చూసేది ఒక్కటి ఉంటే చాలు, తాతయ్య, నానమ్మల కోసం. ఇంటివాళ్ళకి వందలు ఇవ్వొద్దు, ఇరవై మంచివి ఇవ్వండి.

ఎడిటింగ్‌లో రంగు గురించి గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళలో ఒకరు పచ్చగా, ఒకరు చామనఛాయగా, ఇంకొకరు నల్లగా ఉండటం మామూలే. నల్లగా ఉన్న బిడ్డని తెల్లగా చేసి ఇస్తే ఆ బిడ్డ ఆ ఫోటోలో లేనట్టే. తీసేటప్పుడే ఆ బిడ్డని వెలుగు వచ్చే వైపు నిలబెట్టండి, లేత రంగు ముఖం తెల్లబడిపోకుండా ఉండేంత వరకే ఎక్స్‌పోజర్ పెంచండి, అప్పుడు ఇద్దరి రంగూ దేనికది నిజంగా, నిగనిగలాడుతూ వస్తుంది. చెట్ల నీడలో తీసినవాటికి ముఖాల మీద పచ్చ ఛాయ ఉంటుంది, టింట్‌ని (పచ్చకీ మెజెంటాకీ మధ్య రంగు జరిపే మీట) కొద్దిగా మెజెంటా వైపు జరిపితే పోతుంది. మొహమాటం లేకుండా బ్యూటీ ఫిల్టర్లు వద్దని చెప్పేయండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుంచించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ప్రింట్ తప్పకుండా వేయించండి, ఎంతమంది తోబుట్టువులుంటే అన్ని కాపీలు. 4x6 అంగుళాల ప్రింట్‌కి 1200x1800 పిక్సెళ్ళు సరిపోతాయి, గోడకి పెట్టే 12x18 కి మాత్రం అసలు ఫైలే ఇవ్వాలి. డీఎస్‌ఎల్‌ఆర్ ఫోటోలు సాధారణంగా 3:2 కొలతలో ఉంటాయి, 4x6 కాగితానికి సరిగ్గా సరిపోతాయి. ఫోన్ ఫోటోలు 4:3 లో వస్తాయి కాబట్టి అదే కాగితం మీద వేస్తే కొంత భాగం తెగిపోతుంది, చాలాసార్లు అది ఎవరో ఒకరి పాదాలో, తలలో పూలో అవుతుంది. ఫోన్‌తో తీసేటప్పుడే చుట్టూ కాస్త ఖాళీ వదలండి, స్టూడియోలో ఇచ్చేటప్పుడు కటింగ్ ఎక్కడ పడుతుందో స్క్రీన్ మీద చూపించమని అడిగి, చూశాకే ప్రింట్ కొట్టమనండి. గోడకి పెట్టేదైతే మ్యాట్ కాగితం చెప్పండి, గ్లాసీ మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడి ముఖాలు కనిపించవు.